పాత కారుకు ఇంటి దగ్గరే మరమ్మతు: ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగాలి

పాత కారు ఉన్నవాళ్లు నన్ను అడిగేది ఎక్కువగా ఒకటే: "బానెట్ తీశాక ముందు ఏం చూడాలి?" నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. బానెట్ తర్వాత తీయండి, ముందు చక్రాల దగ్గర కూర్చోండి. కారును ఆపేవాటిని చూశాకే నడిపేవాటి జోలికి వెళ్లాలి. ఇంజన్ మొరాయిస్తే ఆఫీసుకు ఆలస్యమవుతుంది. బ్రేకు మొరాయిస్తే జరిగేది వేరు.

ఇక్కడ రాసినది మా ఇంట్లోని 2009 మోడల్ ఆల్టో మీద చేస్తూ నేర్చుకున్న పని. 796 సీసీ, మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. మారుతి 800, పాత వ్యాగన్ ఆర్, శాంత్రో ఉన్నవాళ్లకు దాదాపు ఇదే వరస. డీజిల్ కారువాళ్లు టైర్లు, బ్రేకులు, కూలెంట్, బ్యాటరీ భాగాలు వాడుకోండి. ఇంధనం పంపే వ్యవస్థను మాత్రం ఇంట్లో విప్పొద్దు.

## 1. పానా పట్టేముందు

కారుతో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ వెతికి తీయండి. పోయి ఉంటే మీ మోడల్, సంవత్సరం చూసి కంపెనీ వెబ్‌సైట్‌లో ప్రయత్నించండి. ఆయిల్ గ్రేడు, టైర్ల గాలి, ఫ్యూజుల పటం అందులోవే నమ్మాలి. పక్కింటాయన చెప్పిన అంకె ఆయన కారుకు సరిపోవచ్చు, మీ కారుకు కాకపోవచ్చు.

ఒక నోటు పుస్తకం కారులోనే ఉంచండి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, వేసిన సామాను, అప్పుడు గమనించినది రాయండి. "కూలెంట్ గీతకు వేలెడు తగ్గింది" అని రెండు నెలల్లో మూడుసార్లు రాయాల్సి వస్తే ఎక్కడో కారుతోందని అర్థం. పుస్తకం లేకపోతే ఆ మూడుసార్లూ విడివిడిగా నీళ్లు పోసి మరిచిపోతాం.

కొనుక్కోవాల్సినవి:

- 8 నుంచి 19 వరకు సైజుల పానాలు, సాకెట్ సెట్
- మీ ప్లగ్గులకు సరిపోయే సాకెట్
- రెండు జాకీ స్టాండులు
- టార్క్ రెంచి (నట్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా)
- డిజిటల్ మల్టీమీటర్
- సొంత టైర్ గేజీ
- ఆయిల్ పట్టే ట్రే, గరాటు, తలకు కట్టుకునే లైటు
- చేతులకు నైట్రైల్ గ్లౌజులు, కళ్లకు అద్దాలు

డబ్బు సరిపోకపోతే టార్క్ రెంచి కొనడం వచ్చే నెలకు వాయిదా వేయండి. జాకీ స్టాండులు మాత్రం వాయిదా వేయొద్దు.

## 2. కారును పైకి లేపడం

నేల చదునుగా, గట్టిగా ఉండాలి. మెత్తటి మట్టిలోనూ, వాలుగా ఉన్న ర్యాంపు మీదా వద్దు.

1. హ్యాండ్‌బ్రేక్ లాగి, మొదటి గేరులో పెట్టండి.
2. లేపే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి ముందూ వెనకా చెక్క ముక్కలో, గట్టి రాళ్లో అడ్డం పెట్టండి.
3. చక్రం నేల మీద ఉండగానే నట్లను సగం చుట్టు వదులు చేయండి. గాల్లోకి లేచాక వదులు చేయబోతే చక్రం తిరుగుతుంది, కారు ఊగుతుంది.
4. తలుపు కింది అంచున, ముందు చక్రానికి వెనకగా, వెనక చక్రానికి ముందుగా జాకీ గాడి ఉంటుంది. జాకీ అక్కడే పెట్టాలి. నేల రేకుకు పెడితే రేకు లోపలికి పోతుంది.
5. స్టాండు పెట్టి, జాకీని కొద్దిగా దించి బరువును స్టాండు మీదికి తీసుకోండి. చేత్తో కారును ఒకసారి గట్టిగా కదిపి చూడండి.

స్టాండుకు బదులు సిమెంటు ఇటుకలు పెట్టేవాళ్లను చూశాను. అవి ముందుగా పగులు చూపించవు, ఒక్కసారిగా పొడి అవుతాయి. ఒక్క జాకీ మీద నిలబడిన కారు కిందికి చెయ్యి తప్ప ఏదీ పెట్టొద్దు, తల అసలే పెట్టొద్దు.

## 3. టైర్లు

గాలి ఉదయం బండి తీయకముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లోనో, మాన్యువల్‌లోనో ఉంటుంది. బంకుకు నడుపుకుంటూ వెళ్లేసరికి టైరు వేడెక్కి గేజీ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయడం చాలామంది చేసే పొరపాటు.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే టైరు మార్చాల్సిందే. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, రబ్బరు అరిగి వాటి మట్టానికి వస్తే లోతు ఆ హద్దుకు చేరినట్టు.

పాత కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాడి బాగానే ఉంటుంది, రబ్బరే ముసలిదవుతుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్లు దాటిన టైరును ప్రతి నెలా పగుళ్ల కోసం చూడాలి. పక్క గోడ మీద బుడిపె కనిపిస్తే ఆ రోజే మార్చాలి. స్టెప్నీని కూడా ఇలాగే చూడండి, దాన్ని అందరూ మరిచిపోతారు.

అరుగుదల చదవడం:

- రెండు అంచులూ అరిగితే గాలి తక్కువగా నడిపారు
- నడుమ అరిగితే గాలి ఎక్కువైంది
- ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ చేయించాలి
- మెట్లు మెట్లుగా అరిగితే సస్పెన్షన్ చూపించాలి

## 4. ముందు బ్రేకు ప్యాడ్లు

ఇంట్లో చేసుకోదగ్గ పెద్ద పని ఇదే. మొదటిసారి తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి. రెండు చక్రాలూ ఒకేసారి విప్పొద్దు. ఒకవైపు పూర్తి చేశాకే రెండోవైపు మొదలుపెడితే, సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి విప్పనిది ఒకటి ఉంటుంది.

1. చక్రం తీశాక స్టీరింగ్‌ను బయటికి తిప్పండి. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) వెనక వైపు అందుతుంది.
2. ఉన్న దుమ్మును నోటితో ఊదొద్దు. బ్రేక్ క్లీనర్ కొట్టి తడి గుడ్డతో తుడవండి.
3. కింది గైడ్ పిన్ (క్యాలిపర్ అటూ ఇటూ జారే కడ్డీ) బోల్టు విప్పి క్యాలిపర్‌ను పైకి ఎత్తండి. పూర్తిగా తీయాల్సి వస్తే తీగతో స్ప్రింగుకు కట్టండి. బ్రేకు గొట్టానికి వేలాడదీస్తే లోపల తెగుతుంది, పైకి కనపడదు.
4. పాత ప్యాడ్లు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. అరిగే పొర 3 మిల్లీమీటర్లలోపు ఉంటే మార్చేయండి. లోపలిది ఎక్కువ అరిగి బయటిది మందంగా ఉంటే గైడ్ పిన్నులు పట్టేశాయని అనుమానించాలి.
5. పిన్నులు బయటికి లాగి, తుడిచి, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పూయండి. మామూలు గ్రీజు వేడికి కరుగుతుంది, రబ్బరును ఉబ్బిస్తుంది.
6. బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి, సి-క్లాంపుతో (మర తిప్పి నొక్కే పట్టుతో) క్యాలిపర్ పిస్టన్‌ను మెల్లగా లోపలికి నొక్కండి. డబ్బాలో మట్టం పెరుగుతుంది. పొర్లబోతే ముందే సిరంజితో కొంచెం తీయండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు లేస్తుంది.
7. డిస్కు అంచు మీద కనీస మందం చెక్కి ఉంటుంది. అంతకన్నా పలచబడితే కొత్త ప్యాడ్లు వేసి లాభం లేదు, డిస్కూ మార్చాలి.
8. ప్యాడ్లు పెట్టి, బోల్టులు బిగించి, చక్రం వేసి కిందికి దించండి. నట్లు ఎదురెదురుగా బిగించాలి. మా మాన్యువల్ ప్రకారం 85 న్యూటన్ మీటర్లు.
9. కారు కదపకముందు బ్రేకు పెడల్‌ను గట్టిపడేదాకా పదేపదే తొక్కండి. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంది కాబట్టి మొదటి తొక్కుకు పెడల్ నేలకు తగులుతుంది. గేటు ముందు గోడను గుద్దినవాళ్లు మరిచింది ఈ మెట్టే.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 40, 50 కిలోమీటర్ల వేగం నుంచి మెల్లగా ఓ పదిసార్లు ఆపండి. 50 కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు మళ్లీ చూడండి.

వెనక డ్రమ్ములు మొదటిసారి షెడ్డులోనే చేయించండి. స్ప్రింగులు ఒకటి తారుమారైనా చక్రం పట్టేస్తుంది.

బ్రేకు ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మరిగి బుడగలు కట్టి పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. మూత మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 చూసి, సీలు తీయని డబ్బానే వాడండి. నిరుడు తెరిచి అలమరాలో పెట్టిన సగం డబ్బా పనికిరాదు.

## 5. ఇంజన్ ఆయిల్ మార్చడం

10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు. లక్ష దాటిన మా ఇంజన్‌కు నేను 7,000కే మారుస్తున్నాను. ఊళ్లో ఆగుతూ సాగుతూ నడిచే బండికి ఆయిల్ తొందరగా చెడుతుంది, ఆ ఖర్చు దండగ కాదు.

1. ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపి, పది నిమిషాలు ఆగండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే మడ్డితో సహా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది.
2. కారు లేపి, స్టాండుల మీద నిలిపి, పైన ఆయిల్ మూత తీయండి.
3. ట్రే పెట్టి కింది డ్రెయిన్ బోల్టు విప్పండి. చివరి చుట్లు చేత్తో, లోపలికి నొక్కిపడుతూ తిప్పి ఒక్కసారి పక్కకు లాగండి.
4. పదిహేను నిమిషాలు కారనివ్వండి. ఆ ఆయిల్‌ను చూడండి. నల్లగా ఉండటం మామూలే. పాలు కలిపిన కాఫీలా ఉంటే కూలెంట్ కలుస్తోంది. ఇనుప రజను మెరిస్తే బేరింగులు అరుగుతున్నాయి. ఈ రెండింట్లో ఏది కనిపించినా పని ఆపి మెకానిక్‌కు చూపించండి.
5. బోల్టుకు కొత్త వాషర్ వేసి, ముందు చేత్తో ఎక్కించి, తర్వాత పానాతో బిగించండి.
6. ఫిల్టర్ విప్పండి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు దాంతోపాటే వచ్చిందో లేదో చూడండి. ఇంజన్‌కే అంటుకుని ఉండగా కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్ముతుంది.
7. కొత్త రింగుకు చుక్క ఆయిల్ రాసి చేత్తో బిగించండి. రింగు ఆనాక ముప్పావు చుట్టు చాలు.
8. మాన్యువల్‌లో చెప్పినదానికన్నా పావు లీటరు తక్కువ పోయండి. రెండు నిమిషాలు నడిపి, ఆపి, ఐదు నిమిషాలాగి, కారు చదునుగా ఉండగా డిప్‌స్టిక్ చూడండి. రెండు గుర్తుల మధ్య పైభాగానికి వచ్చేదాకా కొద్దికొద్దిగా కలపండి. పై గుర్తు దాటితే ఆయిల్ నురగెత్తుతుంది, సీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఐదో మెట్టు దగ్గర నేను ఒకసారి పానాకు గొట్టం తగిలించి బిగించాను. కారకూడదనే భయం. ఆయిల్ సంపులో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) మరలు తెగిపోయాయి, సంపు మొత్తం మార్చాల్సి వచ్చింది. కారకుండా ఆపేది బలం కాదు, కొత్త వాషర్. దాని ధర చాలా తక్కువ, ప్రతిసారీ మార్చండి.

తీసిన ఆయిల్‌ను కాలువలోనూ మట్టిలోనూ పోయొద్దు. డబ్బాలో పట్టి షెడ్డుకు ఇస్తే మళ్లీ శుద్ధి చేసేవాళ్లకు చేరుతుంది.

## 6. కూలింగ్: రోహిణి కార్తెకు ముందే

మన ఎండల్లో పాత కార్లను చంపేది ఇదే. ఆయిల్ గురించి పది మంది జాగ్రత్త పడితే కూలెంట్ గురించి ఇద్దరు పడతారు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడమే అసలు తప్పు. ఇంట్లో గిన్నెకు పట్టే తెల్లటి గార రేడియేటర్ గొట్టాల్లో కూడా పడుతుంది. ఆ గొట్టాలు సన్ననివి, గార పడితే వేడి బయటికి పోదు. కూలెంట్ గాఢమైనదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. కలిపి అమ్మేదైతే నీళ్లు చేర్చక్కర్లేదు. రంగు ఒకటే కదా అని వేర్వేరు రకాలు కలపొద్దు, రంగును బట్టి రకం తెలియదు.

మార్చే వరస:

1. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి పెట్టి ఉదయం చేయడం మేలు. వేడి మీద మూత తీస్తే లోపలి ఒత్తిడికి మరుగు నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.
2. కింది డ్రెయిన్ మరగానీ, కింది గొట్టంగానీ వదిలి పాతది పట్టండి.
3. డిస్టిల్డ్ వాటర్ పోసి, నడిపి, చల్లారాక దించండి. తేటగా వచ్చేదాకా మళ్లీ చేయండి.
4. కొత్త కూలెంట్ మెల్లగా నింపండి. హీటర్ ఉంటే పూర్తి వేడికి తిప్పి, మూత లేకుండా ఇంజన్ నడపండి. బుడగలు వచ్చి మట్టం తగ్గుతుంది, మళ్లీ నింపండి. బుడగలు ఆగాక, కూలెంట్ వేడెక్కకముందే మూత పెట్టండి.
5. రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా నడపండి. వేడి ముల్లు నడుమ దాటి పైకి పోతున్నా ఫ్యాను తిరగకపోతే వెంటనే ఆపి ఫ్యూజు, రిలే, సెన్సర్ చూడాలి.
6. మర్నాడు ఉదయం రిజర్వు డబ్బా మట్టం చూసి సరిచేయండి.

గొట్టాలను చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి. మరీ మెత్తగా, లేదా నొక్కితే చిట్లినట్టుంటే మార్చండి. మూతలోని రబ్బరు పగిలినా కారు వేడెక్కుతుంది. పెద్ద మరమ్మతు అనుకుని భయపడినవాళ్లలో కొందరికి మూత మార్చడంతోనే సరిపోయింది.

దారిలో ముల్లు ఎర్ర గీతకు వెళితే: ఏసీ ఆపండి, హీటర్ పూర్తిగా తెరిచి పక్కకు తీయండి, ఇంజన్ ఆపండి, కనీసం అరగంట ఆగండి. మూత మీద నీళ్లు పోయొద్దు, మూత తీయొద్దు. "ఊరు దగ్గరే కదా" అని ఇంకో ఐదు కిలోమీటర్లు నడిపితే గొట్టం ఖర్చుతో పోయేది హెడ్ (ఇంజన్ పై భాగం) పని దాకా వస్తుంది.

కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. ఒలికింది వెంటనే కడిగేయండి, కుక్కలు నాకుతాయి.

## 7. బ్యాటరీ

రాత్రంతా ఆగిన కారుకు మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2కు తగ్గితే ఛార్జి సగానికి వచ్చింది. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 దాటకపోతే ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జి చేసేది) లేదా దాన్ని తిప్పే బెల్టు వైపు చూడాలి. కొత్త బ్యాటరీ కొనేముందు ఈ రెండో కొలత తీసుకోండి. ఆల్టర్నేటర్ చెడి ఉంటే కొత్తది కూడా వారంలో పడిపోతుంది.

టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉంటే మైనస్ ముందు విప్పండి, తర్వాత ప్లస్. వేడి నీళ్లలో తినే సోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, తుడిచి, ప్లస్ ముందు బిగించి, మైనస్ చివర బిగించండి. పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

పక్క కారు నుంచి కరెంటు తీసుకునే వరస: ఎర్ర తీగ మన ప్లస్‌కు, రెండో కొస వాళ్ల ప్లస్‌కు. నల్లది వాళ్ల మైనస్‌కు, రెండో కొస మన ఇంజన్ మీది రంగు లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా.

## 8. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్

ఎయిర్ ఫిల్టర్ క్లిప్పులు తీసి చూడటం రెండు నిమిషాల పని. దుమ్ము రోడ్ల మీద తిరిగితే చెప్పిన గడువుకు ముందే మార్చండి.

ప్లగ్గులు చల్లటి ఇంజన్ మీదే తీయాలి. ఒక్కొక్క వైరు తీసి దాని స్థానం గుర్తుపెట్టండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి పడితే పెట్రోల్ ఎక్కువ వెళుతోంది, ఎయిర్ ఫిల్టర్ చూడండి. నూనె తడి ఉంటే రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. తెల్లగా కాలి ఉంటే ఇంజన్ మితిమీరి వేడెక్కుతోంది. కొత్తవి బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. హెడ్ అల్యూమినియం, మర వంకరగా ఎక్కితే పాడయ్యేది ప్లగ్గు కాదు, హెడ్.

## 9. కంటికి కనపడని వయసు: బెల్టులు, గొట్టాలు, తుప్పు

పాత ఆల్టో, మారుతి 800 ఇంజన్లలో టైమింగ్ బెల్టు ఉంటుంది. తర్వాత వచ్చిన కె-సిరీస్ ఇంజన్లలో చైను ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్చలేదనే అనుకుని షెడ్డులో మార్పించండి. అది తెగితే బండి నడిరోడ్డు మీద ఆగుతుంది, కొన్ని ఇంజన్లలో వాల్వులూ వంగుతాయి. ఎలాగూ విప్పుతారు కాబట్టి టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచేది), వాటర్ పంపు కూడా అప్పుడే చూపించండి.

ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు దాని కోసం చేసినవి కావు. నెలకోసారి ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పెట్రోల్ గొట్టాన్ని లైటు వేసి చూడండి. పగుళ్లు, తడి, వాసన ఉంటే స్టార్ట్ చేయొద్దు. ఆ గొట్టం మార్పించేదాకా కారు కదలకూడదు.

తలుపుల కింది అంచులో నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. మట్టి పేరుకుని మూసుకుంటే నీళ్లు లోపలే నిలిచి తలుపు లోపల్నుంచి తుప్పు పడుతుంది. తొలకరికి ముందు సన్నటి ప్లాస్టిక్ పుల్లతో తెరవండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లవాళ్లు నెలకోసారి కారు అడుగును మంచినీళ్లతో కడగాలి. చిన్న తుప్పు మచ్చను ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, ప్రైమర్ వేసి, రంగు వేయండి. తుప్పు మీదే రంగు వేస్తే అది లోపల పాకుతూనే ఉంటుంది.

## 10. స్టార్ట్ కాకపోతే

- సెల్ఫ్ కొడితే అసలు చప్పుడు లేదు, లైట్లూ లేవు: బ్యాటరీ టెర్మినళ్లు, మెయిన్ ఫ్యూజు.
- టకటకమని చప్పుడు: బ్యాటరీ నీరసం, లేదా టెర్మినల్ వదులు.
- లైట్లు బాగున్నాయి, ఒక్క టక్ మాత్రమే: సెల్ఫ్ మోటారు.
- తిరుగుతోంది, అందుకోవడం లేదు: కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద పెట్రోల్ పంపు సన్నగా రెండు సెకన్లు మోగాలి. మోగకపోతే ఫ్యూజు, రిలే. మోగితే ప్లగ్గులు, వైర్లు.
- వారం ఆగాక ఈ గొడవ మొదలైంది: ముందు ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి.

ఒకసారి ఒక్కటే మార్చి చూడండి. ప్లగ్గులూ వైర్లూ ఫిల్టరూ కలిపి మార్చేస్తే బండి నడవొచ్చు, తప్పు దేనిదో మాత్రం తెలియదు.

## 11. ఇంట్లో చేయకూడనివి

ఎయిర్‌బ్యాగ్ వైరింగ్, ఏసీ గ్యాసు, స్టీరింగ్ జాయింట్లు, సస్పెన్షన్ స్ప్రింగులు, పెట్రోల్ ట్యాంకు, ఏబీఎస్. స్ప్రింగులో నొక్కి ఉన్న బలం మనిషిని చంపగలదు. ఇవి మెకానిక్‌కు ఇచ్చినప్పుడు పాత సామాను తిరిగి ఇమ్మని అడగండి, నోటు పుస్తకంలో రాసుకోండి.

## 12. ఏ నెలలో ఏది

- ప్రతి ఆదివారం: టైర్ల గాలి, ఆయిల్, కూలెంట్, బ్రేకు ఆయిల్ మట్టాలు, రాత్రి ఆగిన చోట నేల మీద మరకలు
- ఉగాది లోపు: కూలెంట్, గొట్టాలు, ఫ్యాను, ఏసీ ముందున్న జాలీ కడగడం
- మృగశిరకు ముందు: వైపర్ రబ్బర్లు, తలుపు రంధ్రాలు, టైరు గాడులు, అన్ని లైట్లు
- సంక్రాంతి ప్రయాణానికి రెండు వారాల ముందు: బ్రేకులు, బ్యాటరీ కొలతలు, స్టెప్నీ, జాకీ. ముందు రోజు చూస్తే లోపం తెలిసినా బాగుచేసే సమయం ఉండదు.

కారుకు 15 ఏళ్లు నిండబోతుంటే ఆర్‌సీ రెన్యువల్ దరఖాస్తు ఫారం 25 గడువుకు ముందు 60 రోజుల లోపు పెట్టుకోవచ్చు, రెన్యువల్ అయితే ఐదేళ్లకు ఇస్తారు. తనిఖీకి తీసుకెళ్లేముందు హారన్, అన్ని దీపాలు, టైర్లు, హ్యాండ్‌బ్రేక్, పొగ చూసుకోండి. నంబర్ ప్లేటు లైటు వెలుగుతోందో లేదో కూడా వెనక్కి వెళ్లి చూడండి.